మార్చకముందే నడపండి: ఫోర్జా హొరైజన్ 5 కార్ల సమీక్ష

ఫోర్జా హొరైజన్ 5 అనే కార్ల వీడియో గేమ్‌లో నా గ్యారేజీకి కొన్ని వందల కార్లు చేరాయి. గంటకు నాలుగు వందల కిలోమీటర్లు దాటేవి వాటిలో ఉన్నాయి, బయటి ప్రపంచంలో కోటీశ్వరులకు సైతం దొరకనివీ ఉన్నాయి. అయినా ఈ ఆటను కొత్తగా కొన్నవారెవరైనా మొదట ఏ బండి నడపాలని అడిగితే, 1963 నాటి ఫోక్స్‌వాగన్ బీటిల్‌ను తీసుకోండని, అదీ ఒక్క భాగం కూడా మార్చకుండా కంపెనీ నుంచి వచ్చినట్టే నడపండని చెబుతాను. ఈ ఆటను తయారుచేసినవారు ఒక్కొక్క కారు తీరును ఎంత శ్రద్ధగా పట్టుకున్నారో నెమ్మదిగా పోయే బండిలోనే స్పష్టంగా తెలుస్తుంది. వేగం పెరిగేకొద్దీ ఆ పనితనం మన దృష్టికి అందకుండా వెనక్కి పోతుంది. ఒకే దారిలో, ఒకే పద్ధతిలో, ఒకదాని తర్వాత ఒకటిగా నడిపి చూసిన కొన్ని కార్ల గురించి ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఆట గురించి తెలియనివారి కోసం నాలుగు మాటలు. దీన్ని తయారుచేసింది ఇంగ్లండ్‌లోని లెమింగ్టన్ స్పా పట్టణంలో ఉన్న ప్లేగ్రౌండ్ గేమ్స్ సంస్థ. 2021 నవంబరు 9న ఎక్స్‌బాక్స్‌కూ కంప్యూటర్‌కూ వచ్చింది. 2025 ఏప్రిల్ 29న ప్లేస్టేషన్ 5కు కూడా వచ్చింది. కథాస్థలం మెక్సికో. ఎడారి, అడవి, సముద్రతీరం, ఆ దేశపు పాత నగరమైన గ్వానహువాతో, ఒక పెద్ద అగ్నిపర్వతం, వీటన్నిటినీ కలిపే రోడ్లు ఒకే మ్యాపులో ఉంటాయి. రేసులో పాల్గొనకుండా రోజంతా ఊరికే బండి నడుపుకుంటూ తిరిగినా అడ్డు చెప్పేవారు ఉండరు. విడుదలైన రోజునే ఇందులో 500కు పైగా కార్లు ఉన్నాయి, ఆ తర్వాత వచ్చిన అప్‌డేట్లతో ఆ సంఖ్య బాగా పెరిగింది. విడుదలైన ఏడాది గేమ్ అవార్డుల్లో ఉత్తమ క్రీడా లేదా రేసింగ్ ఆటగానే కాక, ధ్వని రూపకల్పనకూ, వైకల్యం ఉన్నవారికి అనువుగా చేసిన ఏర్పాట్లకూ కూడా దీనికి బహుమతులు దక్కాయి. ధ్వనికి వచ్చిన బహుమతి ఎంత న్యాయమైనదో ముందు ముందు చెబుతాను.

ఇంత మంచి ఆటలో నన్ను బాధపెట్టే విషయం ఒకటి ఉంది. కారు చేతికి వచ్చీరాగానే దాన్ని మార్చేయమని ఆట మనల్ని తొందరపెడుతుంది. ప్రతి కారుకూ దాని సత్తాను కొలిచే ఒక అంకె ఉంటుంది. 500 వరకు డి తరగతి, 600 వరకు సి, 700 వరకు బి, 800 వరకు ఎ, 900 వరకు ఎస్1, 998 వరకు ఎస్2, ఆపైన 999 దగ్గర ఎక్స్. ఆన్‌లైన్ రేసులు ఈ తరగతుల ప్రకారమే జరుగుతాయి కాబట్టి, ఎ తరగతి రేసుకు వెళ్లేవారందరూ తమ బండిని సరిగ్గా 800 అంకెకు తెచ్చుకుని మరీ వెళతారు. ఇంజిన్ మార్చుతారు, వెనక చక్రాలతో నడిచే బండిని నాలుగు చక్రాలతోనూ నడిచే బండిగా మార్చుతారు, ఇంకొకరు పంచుకున్న ట్యూనింగ్‌ను, అంటే బండి అమరికల సర్దుబాటును, ఒక్క మీటతో దించుకుంటారు. దీనికి తోడు వీల్‌స్పిన్ అనే బహుమానపు చక్రం తిప్పిన ప్రతిసారీ కొత్త కారు వచ్చిపడే అవకాశం ఉంది. ఫలితంగా ఒక కారు అసలు స్వభావం ఏమిటో తెలుసుకునే తీరిక లేకుండానే దాన్ని ఇంకొక కారుగా మార్చేస్తున్నాం. గ్యారేజీలో వంద బండ్లు ఉన్నా, నడిపేటప్పుడు అన్నీ ఒకేలా అనిపిస్తున్నాయని ఫిర్యాదు చేసేవారిని చాలామందిని చూశాను. అది కారు తప్పు అనుకోను.

నేను పెట్టుకున్న పద్ధతి చాలా సాదాసీదా. చక్రాలు జారకుండా ఆపే ట్రాక్షన్ కంట్రోల్, బండి అదుపు తప్పకుండా చూసే స్టెబిలిటీ కంట్రోల్, రోడ్డు మీద రంగుల గీతలా కనిపించే డ్రైవింగ్ లైన్, ఈ మూడింటినీ ఆపేస్తాను. బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ మాత్రం ఉంచుతాను, ఎందుకంటే కంట్రోలర్ మీటను వేలితో నొక్కి బ్రేకును సున్నితంగా అదుపు చేయడం పెడల్‌ను కాలితో తొక్కినంత సులువు కాదు. గేర్లు చేతితోనే మారుస్తాను. కెమెరాను కారు లోపలికి, అంటే డ్రైవరు కళ్లు ఉండే చోటుకు తెస్తాను. తప్పు జరిగితే కాలాన్ని వెనక్కి తిప్పే రివైండ్ సదుపాయాన్ని పరీక్ష పూర్తయ్యేదాకా ముట్టుకోను. దారి ఎప్పుడూ ఒకటే: ఆటలో కార్ల పండుగ జరిగే ఉత్సవ ప్రాంగణం దగ్గర బయలుదేరి, హైవే మీద కొంతదూరం నేరుగా పోయి, గ్వానహువాతో సందుల్లోంచి, సొరంగాల్లోంచి వెళ్లి, అగ్నిపర్వతం ఎక్కి దిగి, చివరగా ఏదైనా మట్టిబాటలో కాసేపు తిరగడం. హైవే మీద ఇంజిన్ బలమూ, రాళ్లు పరిచిన వీధుల్లో సస్పెన్షనూ, ఎక్కుడులో గేర్ల అమరికా, దిగుడులో బ్రేకూ బయటపడతాయి. ఈ చుట్టును పొడివాతావరణంలో ఒకసారి, వానలో ఒకసారి చేస్తే బండి గురించి దాచడానికి ఇంకేమీ మిగలదు.

ఇక బీటిల్ సంగతి. మెక్సికోలో ఈ కారును వోచో అని ముద్దుగా పిలుస్తారు. జర్మనీలో తయారీ ఆగిపోయాక కూడా మెక్సికోలోని ప్వెబ్లా ఫ్యాక్టరీలో ఈ పాత నమూనా ఏళ్ల తరబడి తయారవుతూ వచ్చింది, ఆఖరిది 2003 జూలై 30న బయటికి వచ్చింది. ఒకప్పుడు మెక్సికో నగరంలో ట్యాక్సీ అంటే ఇదే. ఆట తయారీదారులు ఈ బంధాన్ని గౌరవించి, వోచో మీద ప్రత్యేకంగా ఒక కథా విభాగాన్నే పెట్టారు. ఆ కథ ఆడకపోయినా ఫరవాలేదు, బండి మాత్రం నడపాలి.

లోపలి కెమెరాలో చూస్తే ఎదురుగా ఒకే ఒక గుండ్రటి స్పీడోమీటరు, దాని పైన వంపు లేని చదునైన అద్దం, అద్దం అవతల దిగువకు వాలిన బానెట్ కనిపిస్తాయి. ఇంజిన్ ముందు లేదు, వెనక ఉంది: గాలితో చల్లబడే, 1192 సీసీల, నాలుగు సిలిండర్ల ఇంజిన్. బలం 40 హార్స్‌పవర్‌కు మించదు. గేర్లు నాలుగే. ఆక్సిలరేటర్‌ను పూర్తిగా నొక్కితే వీపు వెనక నుంచి కుట్టుమిషను గట్టిగా తిరుగుతున్నట్టు టకటకమనే చప్పుడు వస్తుంది, వేగం మాత్రం తీరిగ్గా వస్తుంది. హైవే మీద మిగతా వాహనాలు మనల్ని దాటుకుంటూ పోతాయి. ఇంతవరకు చదివినవారికి ఇందులో ఆనందం ఏముందనిపించవచ్చు. ఆనందం అగ్నిపర్వతపు దారిలో మొదలవుతుంది.

ఎక్కుడులో మూడో గేరు చాలదు, రెండో గేరులో ఇంజిన్ అరుస్తుంది. అందువల్ల మలుపులోకి పోయేటప్పుడు వేగం ఏమాత్రం పోగొట్టుకున్నా మళ్లీ తెచ్చుకోవడానికి చాలా దూరం పడుతుంది. ఈ ఒక్క ఇబ్బంది చాలు, నడిపేవాడికి దారి చూడటం నేర్పడానికి. మలుపు బయటి అంచు నుంచి లోపలి అంచుకు, అక్కడినుంచి మళ్లీ బయటికి, రోడ్డు వెడల్పంతా వాడుకుంటూ స్టీరింగ్‌ను వీలైనంత తక్కువగా తిప్పడం అలవాటవుతుంది. దిగేటప్పుడు పాఠం ఇంకొకటి. బరువంతా వెనక ఉండి, వెనక చక్రాలు, పైకీ కిందికీ కదిలేటప్పుడు వాటి వాలును కూడా మార్చేసే పాతకాలపు స్వింగ్ యాక్సిల్ మీద వేలాడుతున్న బండి కాబట్టి, మలుపు మధ్యలో భయపడి ఆక్సిలరేటర్ మీది నుంచి వేలు తీశామంటే వెనక భాగం తేలికపడి పక్కకు జారుతుంది. నిజమైన బీటిల్‌కు పేరుమోసిన దోషం అదే. ఆ జారుడు ఇక్కడ కూడా ఉంది, అదీ ఒక్కసారిగా మీద పడకుండా, మొదట నడుము దగ్గర చిన్న ఊపులా కనిపించి, మనం పట్టించుకోకపోతేనే పెద్దదవుతుంది. ఆ చిన్న ఊపును చూపించగలిగిన రేసింగ్ ఆట నా దృష్టిలో చాలా గొప్పది. 60 ఏళ్ల కిందటి చవక బండి కోసం ఎవరో ఒక ఇంజనీరు కూర్చుని ఆ కదలికను సరిచూసి ఉంటారన్న ఊహే నాకు సంతోషాన్నిస్తుంది.

బీటిల్ తర్వాత మెట్టు 1994 మాజ్దా ఎంఎక్స్-5. 1.8 లీటర్ల ఇంజిన్ ముందు, నడిచేవి వెనక చక్రాలు, బరువు ఇంచుమించు ఒక టన్ను. గుర్రమూ రౌతూ ఒకటే శరీరమైనట్టు ఉండాలని అర్థం వచ్చే జపనీయ మాటను మాజ్దా సంస్థ ఈ కారుకు ఆదర్శంగా పెట్టుకుంది. ఆటలో ఆ ఆదర్శం నిజంగా అనుభవంలోకి వస్తుంది. గ్వానహువాతో సందుల్లో స్టీరింగ్ ఇలా తిప్పగానే ముక్కు అలా తిరుగుతుంది, బ్రేకు వేయగానే బరువు ముందు చక్రాల మీదికి వాలడం, వదలగానే మళ్లీ సర్దుకోవడం స్పష్టంగా తెలుస్తుంది. బలం తక్కువ కాబట్టి వెనక చక్రాలు కావాలని జారిస్తే తప్ప జారవు, జారినా చేయి కొంచెం ఎదురు తిప్పగానే దారికొస్తాయి. ట్రాక్షన్ కంట్రోల్ లేకుండా వెనక చక్రాల బండిని నడపడం నేర్చుకోవాలనుకునేవారికి ఆటలో ఇంతకు మించిన గురువు లేడు. చాలామంది దీనికి ఎనిమిది సిలిండర్ల పెద్ద వీ8 ఇంజిన్ పెట్టి పరుగెత్తిస్తుంటారు; వారి ఇష్టాన్ని కాదనను గానీ, కనీసం ఒక వారం అసలు ఇంజిన్‌తో నడిపాకే ఆ పని చేయమని కోరుతున్నాను.

ఇప్పుడు చెప్పబోయే రెండు జపాన్ కార్లను మన తెలుగు రాష్ట్రాల్లో డ్రైవింగ్ నేర్చుకున్నవారు ప్రత్యేకంగా చూడాలి. మెక్సికోలో బండ్లు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి, కాబట్టి ఆటలో ఎక్కువ కార్లకు స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది. మొదటి రోజుల్లో లోపలి కెమెరాతో నడిపినప్పుడు నా కుడివైపు ఎంత జాగా ఉందో అంచనా దొరక్క గోడలకు రాసుకుంటూ పోయాను. నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ ఆర్34, సుబారు ఇంప్రెజా 22బి ఈ రెండూ కుడి స్టీరింగ్ బండ్లు. ఎక్కి కూర్చోగానే ఇంట్లో కారు ఎక్కినట్టే ఉంటుంది. కానీ రోడ్డు మాత్రం కుడివైపుదే. అంటే డ్రైవరు రోడ్డు అంచున కూర్చుంటాడు, ముందున్న లారీని దాటాలంటే ఎదురుగా ఏం వస్తోందో కనబడదు, బండిని బాగా ఎడమకు తెస్తే తప్ప. మన దగ్గర అలవాటైన కొలతలన్నీ సగం పనికొస్తాయి, సగం తలకిందులవుతాయి. అమెరికాలో కొన్నేళ్లుగా ఉంటున్న తెలుగువారికి ఇదే అనుభవం రెండో వైపు నుంచి ఎదురవుతుంది. ఏ రేసూ నేర్పని మెలకువ ఇది.

ఈ రెండింటిలో ఆర్34 గురించి తెలియని కుర్రకారు లేరు. 2.6 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్, దానిలోకి గాలిని ఒత్తి పంపే రెండు టర్బోలు, కాగితం మీద 280 హార్స్‌పవర్; ఆ రోజుల్లో జపాన్ కంపెనీలు తమలో తాము చేసుకున్న ఒప్పందం వల్ల అంతకు మించి చెప్పుకునేవి కావు. మామూలుగా బలమంతా వెనక చక్రాలకే వెళుతుంది, అవి జారడం మొదలైనప్పుడు మాత్రమే ముందు చక్రాలకు కొంత వాటా వెళుతుంది. మలుపులోంచి బయటికొస్తూ గట్టిగా నొక్కితే వెనక భాగం ఒక్క క్షణం పక్కకు జరిగి, ఆ వెంటనే ముందు చక్రాలు బండిని పట్టి లాగడం చేతికి తెలుస్తుంది. బాగుంది, చాలా బాగుంది. అయినా మనసు 22బి వైపే మొగ్గుతుంది.

ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్‌లో 1995, 1996, 1997 వరుసగా మూడేళ్లు తయారీదారుల టైటిల్ గెలిచిన సందర్భంగా సుబారు 1998లో తెచ్చిన కారు ఇది. జపాన్‌లో అమ్మినవి 400 మాత్రమే. సిలిండర్లు ఎదురెదురుగా పడుకున్నట్టు ఉండే 2.2 లీటర్ల బాక్సర్ ఇంజిన్, ఎప్పుడూ నాలుగు చక్రాలకూ బలం. తారు రోడ్డు మీద ఇది ఆర్34 కంటే కొంత మొండిగా అనిపిస్తుంది. మలుపులోకి వేగంగా దూరితే ముక్కు తిరగకుండా నేరుగా పోతానంటుంది. మట్టిబాటలోకి తీసుకెళ్లగానే అంతా మారిపోతుంది. మలుపుకు కాస్త ముందుగానే బ్రేకు నొక్కి, బండిని ఒకసారి ఎదురు దిక్కుకు ఊపి, మళ్లీ ఇటు తిప్పి ఆక్సిలరేటర్ నొక్కితే నాలుగు చక్రాలూ కలిసి దుమ్ము రేపుతూ జారుకుంటూ పోయి, సరిగ్గా మలుపు అయిపోయే చోటికి ముక్కు రోడ్డువైపు తిరిగి ఉంటుంది. ఇంజిన్ చప్పుడు మామూలు నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లా ఏకధాటిగా ఉండదు, గుడగుడమంటూ విరిగి విరిగి వస్తుంది, ఆక్సిలరేటర్ వదిలినప్పుడు టర్బో గాలి బుస్సుమంటుంది. ఇదే కారుతో గ్వానహువాతో సొరంగంలోకి పోతే ఆ గుడగుడ గోడలకు కొట్టుకుని తిరిగివచ్చి మన చుట్టూ మూసుకుంటుంది, బయటికి రాగానే తేలిపోతుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ సొరంగంలో అటూ ఇటూ ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. ధ్వనికి బహుమతి ఇచ్చినవారు తప్పు చేయలేదు.

ఆట మొదట్లో మనకు ఎంచుకోమని మూడు కార్లు చూపిస్తారు: షెవ్రొలే కార్వెట్ స్టింగ్‌రే, ఫోర్డ్ బ్రాంకో, టొయోటా జీఆర్ సూప్రా. ఎక్కువమంది కార్వెట్ మీద చేయి వేస్తారు. కార్వెట్ తరాల్లో ఇంజిన్‌ను డ్రైవరు వెనకకు చేర్చిన మొదటిది అదే కాబట్టి ఆ ఆసక్తి సహజం. టర్బో లేని 6.2 లీటర్ల వీ8 పలికే తీరు కూడా చెవికి ఇంపుగా ఉంటుంది. అయితే స్టెబిలిటీ కంట్రోల్ ఆపేసి నడిపే కొత్తవారికి అది తొలి కారుగా తగదని నా అభిప్రాయం. తోక జారితే దాన్ని సరిదిద్దే సమయం తక్కువ ఇస్తుంది. సూప్రా దానికంటే ఓపిక గల బండి. మిగిలిన రెండింటినీ తర్వాత కొనుక్కోవచ్చు గనక ఈ ఎంపిక గురించి ఎక్కువ ఆలోచించనక్కరలేదు.

వేగమే ప్రధానమైన కార్లలో నేను పదే పదే వెనక్కి వెళ్లేది 1993 మెక్‌లారెన్ ఎఫ్1 దగ్గరికి. దీని స్టీరింగ్ ఎడమనా కాదు, కుడినా కాదు. డ్రైవరు సరిగ్గా మధ్యలో కూర్చుంటాడు, ప్రయాణికులిద్దరూ అతనికి చెరోవైపు కాస్త వెనకగా. లోపలి కెమెరాలో రోడ్డు రెండు అంచులూ సమాన దూరంలో కనిపించడం వల్ల ఇంత వేగవంతమైన బండిని ఇరుకు సందులోంచి తీయడం ఎలాంటి కారులోనూ లేనంత సులువు అవుతుంది. బీఎండబ్ల్యూ తయారుచేసిన 6.1 లీటర్ల వీ12 ఇంజిన్‌కు టర్బో లేదు, అందుకే ఎంత నొక్కితే అంత, నొక్కిన వెంటనే. 1998లో ఇదే నమూనా గంటకు 386 కిలోమీటర్ల వేగాన్ని అందుకుంది. ఫోర్జావిస్టా అనే విభాగంలో కారు చుట్టూ తిరిగి, తలుపులు తెరిచి, ఇంజిన్ స్టార్ట్ చేసి చూడవచ్చు; ఈ కారు కోసమైనా అక్కడ పది నిమిషాలు గడపండి.

కోనిగ్‌సెగ్ జెస్కో విషయం వేరు. 5 లీటర్ల ఇంజిన్, రెండు టర్బోలు, ఇథనాల్ కలిసిన ఇంధనంతో 1600 హార్స్‌పవర్, 9 గేర్లు. హైవే మీద దీన్ని మించే బండ్లు ఆటలో చాలా తక్కువ. రెండుసార్లు హైవే ఆ చివరి నుంచి ఈ చివరిదాకా పోయాక ఇక చేయడానికి ఏమీ మిగల్లేదనిపించింది. ఆ వేగంలో రోడ్డు ఒక గీత, మెక్సికో ఒక రంగు. పోర్షే టైకాన్ టర్బో ఎస్ కూడా నిశ్శబ్దంగా, భీకరంగా దూసుకుపోతుంది, కానీ 2.3 టన్నుల బరువు ప్రతి మలుపులోనూ గుర్తొస్తుంది. బ్యాటరీ బండి బరువు ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి ఒక చుట్టు చాలు.

నేను ట్యూనింగ్‌కు వ్యతిరేకిని కాను. కారు అసలు తీరు తెలిశాక చేసే మార్పు చాలా తృప్తినిస్తుంది, ఎందుకంటే ఏ జబ్బుకు ఏ మందో అప్పుడే తెలుస్తుంది. టైర్లలో గాలి ఎంత ఉండాలన్నది ఏ కొత్త భాగమూ కొనకుండానే మార్చుకోవచ్చు, అక్కడే మొదలుపెట్టండి. బండి నడుస్తుండగానే దాని కొలతలు చూపే టెలిమెట్రీ తెరలో నాలుగు టైర్ల వేడి విడివిడిగా కనిపిస్తుంది. మలుపుల్లో ఏ టైరు ఎక్కువ శ్రమపడుతోందో దాన్ని చూసి పోల్చుకోవచ్చు. ఉదాహరణకు 22బి ముక్కు తిరగని మొండితనానికి ఇంజిన్ బలం పెంచితే జబ్బు ముదురుతుంది. మలుపులో బండి పక్కకు ఒరగకుండా ఆపే కడ్డీని యాంటీ రోల్ బార్ అంటారు; ముందున్న దాన్ని కొంచెం మెత్తబరచి, వెనకది కొంచెం గట్టిపరిస్తే బండి ఎంతో మాట వింటుంది. ఒకసారి ఒకటే మార్చి, మళ్లీ అదే దారిలో నడిపి చూడాలి. ప్రతి బండికీ నాలుగు చక్రాల నడక తగిలించడం మాత్రం నాకు నచ్చని అలవాటు. రేసులో బయలుదేరేటప్పుడు లాభం నిజమే, కానీ ఎంఎక్స్-5ను అలా మార్చాక మిగిలేది ఎంఎక్స్-5 ఆకారం మాత్రమే.

వాతావరణం గురించి కూడా చెప్పాలి. ప్రతి గురువారం ఆటలో రుతువు మారుతుంది. వానకాలపు వారంలో మట్టిబాటల్లో నీళ్లు నిలిచి, వేసవిలో తేలిగ్గా పోయిన చోటే చక్రాలు కూరుకుపోతాయి. తడి రాళ్ల వీధిలో ఆర్34 లాంటి తెలివైన బండి కూడా జాగ్రత్త కోరుతుంది. తుపాను లోపలికి నేరుగా బండి నడుపుకుంటూ పోయినప్పుడు వైపర్లు కొట్టుకుంటున్నా అద్దం అవతల తాటిచెట్లు వంగిన నీడలు మాత్రమే కనిపించడం, టైర్లు నీటిమీద తేలినట్టయి స్టీరింగ్ ఒక్క క్షణం ఖాళీ అయిపోవడం నాకు బాగా గుర్తుండిపోయిన దృశ్యం.

లోపాలు లేవని అనను. దిగుడులో ఎంతసేపు బ్రేకు నొక్కినా అది వేడెక్కి పట్టు తగ్గిన అనుభవం నాకు ఇందులో ఎప్పుడూ ఎదురుకాలేదు. తిరుమల ఘాట్ రోడ్డో శ్రీశైలం ఘాట్ రోడ్డో దిగినవారికి తెలుసు, రెండో గేరులో ఇంజిన్ పట్టు మీద ఆధారపడి దిగాలి తప్ప బ్రేకు మీద కాలు పెట్టి కూర్చోకూడదని. అగ్నిపర్వతం దిగేటప్పుడు ఆ జాగ్రత్త అవసరం పడి ఉంటే బీటిల్ లాంటి బండి ఇంకా నిజంగా ఉండేది. అసలు బండికి ఉన్నవి త్వరగా వేడెక్కే డ్రమ్ము బ్రేకులు మరి. అలాగే సూపర్ కార్లు పొలాల్లోనూ గడ్డిలోనూ పోయేటప్పుడు ఉండవలసినదానికంటే ఎక్కువ పట్టు చూపిస్తాయి. రోడ్డు వదిలి ఎటైనా పోవచ్చన్న స్వేచ్ఛ కోసం చేసిన సర్దుబాటు అది. నాకు అర్థమవుతుంది గానీ రుచించదు. స్టీరింగ్ వీల్‌తో ఆడేవారు మొదటి రోజే సెట్టింగులు మార్చుకోక తప్పదు. ఈ ఆట మనసంతా కంట్రోలర్ మీదే ఉంది.

మన బండ్లు ఇందులో ఉన్నాయా అని అడిగే మిత్రులకు సమాధానం: అంబాసిడరూ లేదు, మారుతి 800 కూడా లేదు. 2008 నుంచి టాటా గ్రూపు చేతిలో ఉన్న జాగ్వార్, ల్యాండ్ రోవర్ కార్లు మాత్రం ఉన్నాయి. ల్యాండ్ రోవర్ డిఫెండర్‌ను మెక్సికో అడవి దారిలో నెమ్మదిగా నడిపిస్తుంటే వచ్చే ప్రశాంతత వేరు. మారుతి 800 కూడా ఉంటే గ్వానహువాతో సందుల్లో బీటిల్‌కు సరైన జోడీ అయ్యేదని ప్రతిసారీ అనుకుంటాను.

కొనాలనుకునేవారికి అవసరమైన వివరాలు: కంప్యూటర్ మీద ఆడాలంటే 110 జీబీ ఖాళీ, కనీసం 8 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 970 స్థాయి గ్రాఫిక్స్ కార్డు కావాలి, హాయిగా ఆడాలంటే 16 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1070 స్థాయి కార్డు ఉండాలి. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌లో రెండు పద్ధతులు ఉన్నాయి. బొమ్మ అందంగా ఉండే, సెకనుకు 30 ఫ్రేముల క్వాలిటీ మోడ్ కంటే 60 ఫ్రేముల పెర్ఫార్మెన్స్ మోడ్‌నే ఎంచుకోండి, నేను పైన చెప్పిన ఆ చిన్న ఊపులు అందులోనే సరిగ్గా తెలుస్తాయి. ఇంకొక ముఖ్యమైన విషయం, ఇటువంటి ఆటల్లోని కార్లకూ పాటలకూ అనుమతులు కొంతకాలానికే ఉంటాయి. దీనికి ముందు వచ్చిన ఫోర్జా హొరైజన్ 4ను ఆ కారణంగానే 2024 డిసెంబరు 15న అమ్మకం నుంచి తీసేశారు. కొన్నవారు ఆడుకుంటూనే ఉన్నారు, కొననివారికి దారి మూసుకుపోయింది. కాబట్టి ఎప్పుడో కొందాంలే అని వాయిదా వేయకండి.

అదనంగా డబ్బు పెట్టి కొనే రెండు విస్తరణలు ఉన్నాయి. 2022 జూలైలో వచ్చిన హాట్ వీల్స్ పిల్లలకు బాగా నచ్చుతుంది. గాలిలో మెలికలు తిరిగే ఆ ప్లాస్టిక్ దారుల మీద కారు అసలు స్వభావం తెలిసే అవకాశం తక్కువ గనక నేను ఎక్కువ గడపలేదు. 2023 మార్చిలో వచ్చిన ర్యాలీ అడ్వెంచర్ మాత్రం తప్పక కొనదగినది. కో-డ్రైవర్ గొంతు రాబోయే మలుపు ఎంత పదునైనదో ముందే చెబుతూ ఉంటుంది, మట్టి, కంకర, తారు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. అక్కడికి వెళ్లేటప్పుడు 22బి తీసుకెళ్లండి, టైర్లు మాత్రం ర్యాలీవి వేయించుకుని.